కడప నుంచి రాజమండ్రికి గంటా అయిదు నిమిషాలు

కడప నుంచి రాజమండ్రికి విమానంలో ఎంతసేపని ఫోన్‌లో అడిగితే గంటా అయిదు నిమిషాలని వస్తుంది. ఆ జవాబును నమ్మి మా అక్క శవాన్ని పొద్దున్నుంచి సాయంత్రం దాకా వసారాలో ఉంచారు. నమ్మినవాళ్లలో నేను లేను. కానీ నోరు విప్పలేదు కాబట్టి ఉన్నట్టే.

అక్క పోయింది తణుకు దగ్గర, వాళ్ల అత్తవారి ఊళ్లో. నిద్రలోనే పోయింది. ఆమె భర్త పోయి చాలా ఏళ్లయింది. ఒక్కతే కూతురు, ఉద్యోగం కడపలో. ఆ అమ్మాయి రావాలి, తల్లి ముఖం చూడాలి, తర్వాత తీసుకెళ్లాలి. ఆ రోజు జరగాల్సిన పని అంతే. దాన్ని నడిపించే బాధ్యత అక్క మరిదిగారు తీసుకున్నారు. ఆయన భీమవరం వైపు చేపల చెరువులు చేస్తారు. కొరివి పెట్టేది ఆయన కొడుకు కాబట్టి పెద్దరికం కూడా ఆయనదే అయింది.

మా వైపు ఇప్పుడు ఎయిర్‌పోర్టు అంటే ఇంటి ఆస్తి లాంటిది. ఒకడు విమానం ఎక్కుతుంటే దింపడానికి రాజమండ్రి ఎయిర్‌పోర్టున్న మధురపూడి దాకా రెండు కార్లలో వెళ్తారు. చెరువులో ఎంత మిగిలిందో కన్నతల్లికి చెప్పనివాడు కూడా, ఎన్నో నంబరు సీట్లో కూర్చున్నాడో ఊరందరికీ చెప్తాడు. కిటికీలోంచి తీసిన గోదావరి ఫోటో లేని ఫోన్లు మా బంధువుల్లో రెండే. ఒకటి నాది, ఒకటి అక్కది. చావుకు ఎలా వచ్చారన్నది కూడా గమనిస్తారు. బస్సులో వస్తే ‘పాపం, వచ్చాడు’. కారులో వస్తే ‘వచ్చారు’. విమానంలో వస్తే ‘అన్నీ వదులుకుని పరుగున వచ్చేశారండీ’. వచ్చాక ముగ్గురూ చేసేది ఒకటే. గుమ్మం ముందు చెప్పులు విడిచి, ఎప్పుడు తీస్తున్నారని అడుగుతారు.

చీకటితోనే అక్కడికి చేరి, మేనకోడలికి కబురు చెప్పింది నేనే. అప్పటికి సరిగా తెల్లవారలేదు. “మళ్లీ చేస్తాను మావయ్యా” అని పెట్టేసింది. పది నిమిషాల తర్వాత చేసింది.

“పక్కింటివాళ్లు కారు ఇస్తామన్నారు. డ్రైవరు కూడా ఉన్నాడు. ఆరున్నరకి బయల్దేరితే నాలుగింటికల్లా వచ్చేస్తాను. అప్పటిదాకా ఉంచండి.”

మరిదిగారు చెయ్యి చాపారు. ఫోన్ ఇచ్చేశాను. ఆయన ఎవరి ఫోన్ తీసుకున్నా ముందు స్పీకర్ నొక్కుతారు.

“కారేంటమ్మా, కారు! తొమ్మిది గంటలు రోడ్డు మీద పడి వస్తావా? మీకు ఎయిర్‌పోర్టుంది, మనకీ ఉంది. ఇదిగో, చూస్తున్నా. నాలుగొందల ముప్పై కిలోమీటర్లు. గంటా అయిదు నిమిషాలు. ఆయ్, గంటే!”

“డైరెక్టు ఫ్లైట్ ఉందా బాబాయ్?”

“లేకపోతే టైమెందుకిస్తాడమ్మా? కారు వెనక్కి పంపించెయ్. టికెట్ నేను తీసి పంపిస్తాను. తల్లి దగ్గరికి విమానంలో రాకపోతే మేమెందుకింక?”

వసారాలో ఉన్నవాళ్లు తలలు ఊపారు. ఒకరిద్దరు నావైపు చూశారు, ఎంత మంచి బంధువులు దొరికారో చూడమన్నట్టు.

నేను నిడదవోలు స్టేషన్లో ముప్పై ఏళ్లు టికెట్లు ఇచ్చాను. అది జంక్షన్. అక్కడ కిటికీ ముందుకు వచ్చేవాడు దూరం ఎంతని అడగడు. “ఈ బండి దిగితే భీమవరం బండి దొరుకుతుందాండీ?” అని అడుగుతాడు. దొరకదని, మూడు గంటలు బల్ల మీద కూర్చోవాలని, దానికంటే బస్సు నయమని, ముక్కూ ముఖం తెలియనివాళ్లకు ఎన్నిసార్లు చెప్పి ఉంటానో. ఆ పొద్దున సొంత మేనకోడలికి చెప్పలేదు. అత్తవారింట్లో ఆడపిల్ల శవం ముందు ఆమె తమ్ముడు వాదనకు దిగడం బాగుండదనుకున్నాను. మా వైపు చాలా తప్పులు బాగుండదనుకునే జరుగుతాయి.

మరిదిగారు ముహూర్తం పెట్టేశారు. పదకొండుకల్లా అమ్మాయి మధురపూడిలో దిగుతుంది, ఒంటిగంటకి తీసేద్దాం. కుటుంబం గ్రూపులో అక్క ఫోటో కింద అదే టైము వేసి పంపించారు. ఎవరి పెళ్లిలోనో తీసిన ఫోటో అది. అక్క పక్కన నిలబడ్డ మనిషిని కత్తిరించారు గానీ భుజం మిగిలిపోయింది. దానికి వరసగా చేతులు జోడించిన బొమ్మలు వచ్చాయి.

ఫ్రీజర్ బాక్స్ వచ్చింది. అక్కను అందులో పడుకోబెట్టారు. జనం రావడం మొదలైంది. శవం లేచేదాకా ఆ ఇంట్లో పొయ్యి వెలిగించరు, ఎవరూ ఎంగిలిపడరు. అది నియమం. తొమ్మిదిన్నర నుంచి మగవాళ్లు ఒక్కొక్కరే ఫోన్ చెవిన పెట్టుకుని వీధి చివరికి వెళ్తున్నారు. వీధి చివర టిఫిన్ హోటలుంది. వెళ్లినవాళ్లు మూతి తుడుచుకుంటూ వచ్చి, ముందున్నంత దుఃఖంతోనే కుర్చీల్లో కూర్చుంటున్నారు. ఒకాయన చొక్కా జేబు మీద అల్లం పచ్చడి మరక ఉంది. వెళ్లడానికి వీల్లేనిది ఆడవాళ్లకే. ఒంటిగంట అన్న మాట మీద అందరికంటే వాళ్లే గట్టిగా ఎందుకు నిలబడ్డారో నాకు అర్థమైంది.

తొమ్మిదిన్నర దాటాక కడప ఎయిర్‌పోర్టు నుంచి మేనకోడలు ఫోన్ చేసింది. మరిదిగారి ఫోన్‌కే చేసింది. స్పీకర్ ఉండనే ఉంది.

“బాబాయ్, ఈ ఫ్లైట్ హైదరాబాద్ వెళ్తోంది.”

“ఆయ్, వెళ్లి?”

“వెళ్లి ఏంటి బాబాయ్? అక్కడ దిగాలి. రాజమండ్రి ఫ్లైట్ రెండున్నరకి. అంతదాకా అక్కడే కూర్చోవాలి.”

“అదేంటి! గంటన్నాడే!”

“ఎవడన్నాడు?”

ఎవడన్నాడో ఆయనకూ తెలియదు. టికెట్ తీసింది ఆయనే. దాని మీద హైదరాబాద్ అని రాసుంది; ఆ దుఃఖంలో అమ్మాయి చూసుకోలేదు. మీరైనా చూడలేదా అని నేను మెల్లగా అడిగితే చూశానన్నారు.

“దారిలో ఆగుతుందేమో అనుకున్నానండీ బావా. మన బస్సు తాడేపల్లిగూడెంలో ఆగదూ, అలాగ.”

కాఫీ తాగి మళ్లీ ఎక్కుతారనుకున్నారన్నమాట. ఆయన్ని చూసి నవ్వాలో వద్దో తెలియలేదు. ఈ పాటికి కారు సగం దూరం రాకపోయినా మూడో వంతు వచ్చేసేది. ఇప్పుడు కారు పట్టుకుంటే పొద్దుపోయాకే చేరుతుంది. ఆ పిల్ల చేసేదేమీ లేక హైదరాబాద్ విమానం ఎక్కింది.

ఆయన చూసిన పేజీ నేను నా ఫోన్‌లో తెరిచాను. కడప దగ్గర ఒక చుక్క, రాజమండ్రి దగ్గర ఒక చుక్క, మధ్యన నున్నటి గీత. కిందికి వెళ్లాను. ఇది రెండు చోట్ల మధ్య సూటి దూరమని, సగటు వేగంతో ఎగిరితే పట్టే సమయమని, నేరుగా విమానం ఉండొచ్చు, ఉండకపోవచ్చునని చిన్న అక్షరాల్లో ఉంది. ఇంకా కిందికి వెళ్తే రెండు ఊళ్ల గడియారాలకూ తేడా లేదని రాశాడు. కడపలో పది అయితే రాజమండ్రిలోనూ పదేనట. ఆ పేజీలో మా పనికొచ్చే నిజం అదొక్కటే, అది మాకు ముందే తెలుసు.

మరిదిగారికి చూపించాను.

“ఇంత సన్నగా రాస్తే ఎవడు చదువుతాడండీ?” అన్నారు. తప్పు అచ్చు వేసినవాడిది అయింది.

తర్వాత అరుగు మీద పంచాయితీ జరిగింది. అమ్మాయి మధురపూడిలో దిగేసరికి మూడున్నర దాటుతుంది. అక్కణ్నుంచి ఇంటికి గంటన్నర పైన. పొద్దుగూకేలోగా దహనం అయిపోవాలి. చెరువుల వాళ్లకు మేత వేయించే పని ఉంది. మరిదిగారి మేనత్త, ఆ ఇంట్లో అందరికంటే పెద్దావిడ, గుమ్మంలో కూర్చుని తీర్పు చెప్పింది.

“ఆడపిల్లకేముందిరా, పదకొండో రోజుకి వచ్చి ఏడుస్తుంది. ఇక్కడ కొరివి పెట్టేవాడు ఉండనే ఉన్నాడు. నాకా, షుగరు. మాత్ర వేసుకోవాలంటే ముద్ద పడాలి.”

“మూడింటికి తీసేద్దామత్తా” అన్నారు మరిదిగారు. “ఈలోపు అమ్మాయికి వీడియో కాల్‌లో చూపించేద్దాం. ఇప్పుడందరూ అలాగే చేస్తున్నారు. ఎదురుగా ఉన్నట్టే ఉంటుంది.”

అందరికీ నచ్చింది. మనిషి రాలేకపోతే మనిషికి బదులు ఏదో ఒకటి పంపించే తెలివి మాకు బాగా ఉంది.

పన్నెండున్నరకు కాల్ కలిసింది. అమ్మాయి హైదరాబాద్ ఎయిర్‌పోర్టులో గోడ వారగా నిలబడి ఉంది. వెనక ఎవరో ట్రాలీ తోసుకుంటూ పోతున్నారు. మరిదిగారు ఫోన్‌ను బాక్స్ మీదికి వంచారు. లోపల చలికి అద్దం మంచు పట్టింది. ఆయన తువ్వాలుతో పైన తుడిచారు. మంచు లోపలుంది. మెరుస్తున్న అద్దంలో ట్యూబ్‌లైటూ, దాని కింద ఆయన ముఖమూ పడుతున్నాయి.

“కనబడుతోందా తల్లీ? దణ్ణం పెట్టుకో.”

“అమ్మ కనబడట్లేదు బాబాయ్. నువ్వే కనబడుతున్నావు.”

“కొంచెం ఇటు... ఇప్పుడు?”

“ఇప్పుడూ నువ్వే.”

కాల్ ఆగిపోయింది. సిగ్నల్ పోయిందని ఆయన అందరికీ చెప్పారు. నిమిషంలో నా ఫోన్ మోగింది. పెరట్లోకి వెళ్లాను.

“మావయ్యా, పక్కన ఎవరైనా ఉన్నారా?”

“లేరమ్మా.”

“మూడింటికి తీసేస్తారటగా, గ్రూపులో చూశాను.”

“అంటున్నారు.”

“నువ్వేమంటున్నావు?”

“నేనేమీ అనలేదు.”

“అదే అడుగుతున్నాను. నాకు ముఖం చూడాలి మావయ్యా. ఇంకేమీ వద్దు. ఆపగలవా, లేవా? లేవంటే చెప్పు, ఇక్కణ్నుంచే వెనక్కి పోతాను. బూడిద చూడ్డానికి రాను.”

ఆపుతానన్నాను. అన్నాక, ఎలాగా అని ఆలోచించాను. వాదిస్తే వినరు. ఏడిస్తే ఓదార్చి మూడింటికే తీస్తారు. ఆ ఇంట్లో నా మాటకు ఉన్న విలువ నా కుర్చీకి కూడా తెలుసు.

అప్పుడు చీర గుర్తొచ్చింది. మా వైపు ఆడమనిషి పోతే, ఆఖరి స్నానం చేయించాక పుట్టింటివాళ్లు తెచ్చిన చీర కప్పాలి. అది లేనిదే పాడె ఎక్కించరు. ఎంత ఉన్నవాళ్లయినా ఇంట్లో చీరతో కానివ్వరు. పుట్టింటి తరఫున మిగిలింది నేనొక్కణ్ణే. చీకట్లో వస్తూ తణుకులో షాపువాణ్ణి లేపి కొన్న నేత చీర సంచిలో ఉంది, సంచి నా కుర్చీ కింద ఉంది. బతికుండగా ఏడాదికి ఒకసారి కూడా చీర పెట్టని పుట్టింటివాళ్లు చచ్చాక మాత్రం తప్పనిసరి కావడం నాకెప్పుడూ వింతగానే ఉండేది. ఆ మధ్యాహ్నం ఆ ఆచారం మీద గౌరవం కలిగింది.

సంచి తీసుకుని వెళ్లి నా కారెక్కాను. ఎక్కడికని ఎవరూ అడగలేదు. నేనూ హోటలుకే అనుకుని ఉంటారు.

రావులపాలెం దాటి, జొన్నాడ వంతెన ఎక్కుతుండగా మొదటి ఫోన్ వచ్చింది. వంతెన దిగాక పక్కకు ఆపి ఎత్తాను.

“బావా, ఎక్కడున్నారండీ? పుట్టింటి చీర ఎక్కడ పెట్టారు? ఆడవాళ్లు అడుగుతున్నారు.”

“నా దగ్గరే ఉందండి.”

“మీరెక్కడున్నారు?”

“జొన్నాడలో.”

“జొన్నాడలో మీకేం పనండీ!”

“ఎయిర్‌పోర్టుకి వెళ్తున్నానండి. అమ్మాయిని తీసుకురావాలిగా.”

“చీర ఎవరికైనా ఇచ్చి వెళ్లాలి గదండీ!”

“మర్చిపోయాను.”

“మర్చిపోయారా, కావాలని చేశారా?”

“ఏదైనా చీర జొన్నాడలోనే ఉంది బావగారూ.”

“ఇది పద్ధతి కాదండి! ఇక్కడ వందమంది పస్తులున్నారు!”

“వంద కాదులెండి. హోటలువాణ్ణి అడిగితే సరైన సంఖ్య చెప్తాడు.”

నా జీవితంలో నేను ఒకరిని అంత మాట అనడం అదే మొదలు. ఫోన్ పెట్టేశాను.

తర్వాత ఒకరి తర్వాత ఒకరు చేశారు. ఒకాయన బతిమాలాడు. ఒకావిడ, ఎవరో తెలియదు, అక్క ఆత్మ నన్ను క్షమించదంది. మేనత్తగారు ఫోన్ లాక్కుని, “మీ వంశంలో మొదటినుంచీ ఇంతే బాబూ, మెత్తగా ఉంటారు, మెడకు చుట్టుకుంటారు” అంది. వేరే చీర కప్పేద్దామని ఎవరో అన్నారట. పంతులుగారిని అడిగారట. పుట్టింటివాళ్లు లేకపోతే వేరే సంగతి, ఉండి తెస్తున్నప్పుడు వేరేది కప్పడం కుదరదన్నారాయన. ఆయన ఇంటి దగ్గర భోంచేసి వచ్చారు కాబట్టి తొందర లేదు. మొత్తానికి ఒక మనిషి కోసం ఆగనివాళ్లు ఆరు గజాల గుడ్డ కోసం ఆగారు.

మధురపూడిలో విమానం పాతిక నిమిషాలు ఆలస్యంగా దిగింది. ఎవరికోసమో పూలదండలతో ఒక గుంపు వచ్చి ఉంది. వాళ్లు తలుపుల ముందు నిలబడి ఫోటోలు తీసుకుంటుంటే, మేనకోడలు వాళ్ల మధ్యలోంచి దారి అడుగుతూ బయటికి వచ్చింది. చేతిలో ఆఫీసుకు తీసుకెళ్లే బ్యాగు ఒక్కటే. పొద్దున కాలికి ఏవి దొరికితే అవి తొడుక్కున్నట్టుంది, చెప్పులు రెండూ ఒక జత కావు.

“ఉంచారా?” అంది.

“ఉంచారు.”

ఇంకేమీ అడగకుండా కారెక్కింది. కాతేరు, రాజమండ్రి, వేమగిరి అన్నీ దాటాక వెనక సీట్లో సంచి చూసి ఏంటని అడిగింది. చెప్పాను. నవ్వలేదు. సంచి తీసి ఒళ్లో పెట్టుకుంది.

రావులపాలెం దగ్గర అరటిగెలల లారీలు అడ్డం తిరుగుతుంటే ఆగిపోయాం.

“పొద్దున బాబాయ్ గంట అన్నప్పుడు నువ్వక్కడే ఉన్నావా మావయ్యా?”

“ఉన్నాను.”

“తప్పని నీకు తెలుసా?”

“తెలుసు.”

“మరి?”

“చెప్పాల్సింది.”

ఆమె అద్దంలోంచి లారీలకేసి చూస్తూ కూర్చుంది. ఫర్వాలేదులే అని అనలేదు. అనకపోవడం మంచిదయింది. అని ఉంటే నేను నమ్మేవాణ్ణి.

ఇల్లు చేరేసరికి అయిదూ ముప్పావు. ఇంకా ఎండ ఉంది. వీధిలో పాడె సిద్ధంగా ఉంది. నా వంక ఎవరూ చూడలేదు. నేను చేసిన పనికి అది తక్కువ శిక్షే. మరిదిగారు మాత్రం ఎదురొచ్చి అమ్మాయి తల మీద చెయ్యి వేశారు. ఆయన కళ్లు నిజంగానే తడిగా ఉన్నాయి.

“వచ్చావా తల్లీ! చూశావా, మన ఎయిర్‌పోర్టు లేకపోతే ఈపాటికి నువ్వు ఏ ఒంగోలు దగ్గరో ఉండేదానివి.”

ఆమె ఆయన్ని ఒక్క క్షణం చూసింది. “బాక్స్ మూత తియ్యి బాబాయ్” అంది.

తీశారు. మంచు లేకుండా ముఖం కనబడింది. పొద్దున నేను చూసినప్పటికంటే అక్క ముఖం కొంచెం చిన్నదైనట్టు అనిపించింది. మేనకోడలు చెంప మీద అరచెయ్యి పెట్టి, అలాగే ఉంచింది. ఏడుపు అప్పుడు వచ్చింది. వసారాలో ఆడవాళ్లు కూడా ఏడ్చారు. పొద్దుట్నుంచి ఏడుస్తున్నారు గానీ ఇది వేరుగా ఉంది.

స్నానానికి పెరట్లోకి తీసుకెళ్లారు. తడకలు కట్టారు, నేను ఇవతలే ఉన్నాను. నీళ్లు పోసిన చప్పుడు, తర్వాత ఎవరో చీర అడగడం వినబడ్డాయి. చీర లోపలికి తీసుకెళ్లింది మేనకోడలే.

బయటికి తెచ్చాక చూస్తే అక్క తల ఎవరో గబగబా దువ్వి నెత్తి మధ్యన పాపిట తీశారు. మేనకోడలు దువ్వెన అడిగింది.

“ఇప్పుడెందుకమ్మా, పొద్దు వాలిపోతోంది” అంది మేనత్తగారు.

“అమ్మది పక్కపాపిట మామ్మా.”

దువ్వెన వెతకడానికి ఒకరు లోపలికి వెళ్లారు. దొరకలేదు. మేనకోడలు బ్యాగు తెరిచి తన దువ్వెన తీసింది. తల్లి తల వెనక మఠం వేసుకుని కూర్చుని, తడి జుట్టు మొత్తం విప్పింది. చిక్కు తీసింది. ఎడమ పక్కన పాపిట తీసింది. నచ్చలేదేమో చెరిపి, మళ్లీ తీసింది. పాడె మోసేవాళ్లు తువ్వాళ్లు భుజాన వేసుకుని నిలబడ్డారు. మరిదిగారు ఫోన్ జేబులోంచి తీసి, టైము చూడబోయి, మళ్లీ జేబులో పెట్టేశారు.

జడ అల్లడం అయ్యాక ఆమే లేచి పక్కకు జరిగింది.

“ఇంక తీసుకెళ్లండి” అంది.